పరెంజానా పాత రైలు కట్ట మీద ట్రియెస్టే నుంచి పొరెచ్ దాకా: లారీలు లేని దారి నిజంగా ఎంత? 38 టైరు సరిపోతుందా?

నల్లగొలుసు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మే నెలాఖరులో నాలుగు రోజులు సెలవు పెట్టుకుని మ్యూనిక్ నుంచి వచ్చి పరెంజానా (ఇటలీలోని ట్రియెస్టే నుంచి స్లొవేనియా మీదుగా క్రొయేషియాలోని పొరెచ్ దాకా, పాత రైలు కట్ట మీద పోయే సైకిల్ దారి) సైకిళ్ల మీద తొక్కాలని మా ఇద్దరి ప్లాన్. నా దగ్గర 700x38 టైర్లున్న (38 మిల్లీమీటర్ల వెడల్పు) గ్రావెల్ బండి, అంటే కంకర దారుల సైకిలు (ట్యూబ్‌లెస్, డిస్క్ బ్రేకులు) ఉంది. మా ఆవిడది 700x35 హైబ్రిడ్. దానికి ట్యూబులు, రిమ్ బ్రేకులు. ఇద్దరికీ వెనక క్యారియరు మీద రెండేసి పానియర్ బ్యాగులు, మనిషికి 7-8 కిలోల సామాను. పక్కనుంచి లారీలు పోతుంటే ఆవిడ తొక్కలేదు. ఈ దారి ఎంచుకున్నది అందుకే.

నెట్‌లో చూస్తే కొందరు "మొత్తం సైకిల్ దారే" అంటారు, ఇంకొందరు "సగం రోడ్డే" అంటారు. నిజంగా బండ్లు లేని భాగం ఏది, కంకర ఎక్కడ మొదలవుతుంది, ఏ వైపు నుంచి తొక్కితే మేలు, పొరెచ్ నుంచి సైకిళ్లతో వెనక్కి ఎలా రావాలి? ఇద్దరివీ ఇండియన్ పాస్‌పోర్టులు, జర్మనీ రెసిడెన్స్ కార్డులున్నాయి. మాంసం, చేపలు తినం, గుడ్డు పర్వాలేదు.

రాళ్లదారి

దారి సంగతి నేను చెప్తాను. టైర్ల గురించి ఉప్పుగాలి గారు ఎలాగూ వస్తారు.

ముందు ఇది ఏమిటో తెలిస్తే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. ఆస్ట్రియా-హంగరీ కాలంలో 1902లో వేసిన నేరో గేజ్ రైలు లైను ఇది. గేజ్ 760 మిల్లీమీటర్లు, అంటే మన నౌపడ-గుణుపూర్ పాత లైనుకు (762) రెండు మిల్లీమీటర్లే తక్కువ. 1935లో మూసేసి పట్టాలు పీకేశారు. పాత లైను పొడవు 123 కిలోమీటర్లు: ఇటలీలో 13, స్లొవేనియాలో 32, క్రొయేషియాలో 78. ఇస్ట్రియా కొండలెక్కడానికి ఆ చిన్న ఇంజన్లకు శక్తి చాలదు కాబట్టి ఎక్కుడు ఎక్కడా నూటికి 2.8 దాటకుండా, కొండల చుట్టూ మెలికలు తిప్పుతూ వేశారు. కిలోమీటరుకు 28 మీటర్ల ఎత్తు. అలవాటు లేనివాళ్లు కూడా సామానుతో దిగకుండా తొక్కగలరు. ఎటొచ్చీ అది పది కిలోమీటర్లు ఆగకుండా ఉంటుంది. కాళ్లు పట్టేసేది నిటారు వల్ల కాదు, ఆ పొడవు వల్ల.

ఇటలీ: ట్రియెస్టే ఊరి నుంచి ముజ్జా దాకా ఫ్యాక్టరీలు, రేవు, లారీలు. మీ ఆవిడకు పడని భాగం ఇదొక్కటే. తొక్కకండి. ట్రియెస్టే నుంచి ముజ్జాకు చిన్న పడవ నడుస్తుంది, సైకిలు ఎక్కించుకుంటారు. జాగా తక్కువ కాబట్టి ముందుగా వెళ్లి నిలబడండి. ముజ్జాలో దిగి రబుయేసే వైపు పోతే పరెంజానా బోర్డులు కనిపిస్తాయి.

స్లొవేనియా: బోర్డుల మీద డి-8 అని ఉంటుంది. దాదాపు అంతా తారు. కోపెర్ నుంచి ఇజోలా దాకా సముద్రం ఒడ్డున పోయే పాత రోడ్డును 2017లో మోటారు బండ్లకు మూసేశారు. ఇప్పుడు అది నడిచేవాళ్లకి, సైకిళ్లకే. ఇజోలా దాటాక కొండెక్కి షాలెట్, వలేటా అనే రెండు సొరంగాల్లోంచి పోర్తొరోజ్ వైపు దిగుతుంది. తర్వాత లూసియా, సెచోవ్ల్యే ఉప్పుమడులు. ఇజోలా, పోర్తొరోజ్ ఊళ్ల మధ్యలో వీధులు దాటాలి, అంతకు మించి ట్రాఫిక్ లేదు. శనాదివారాల్లో మాత్రం జనం, పిల్లలు, కుక్కలు. గంట కొట్టుకుంటూ పోవడమే.

క్రొయేషియా: మీరు అడుగుతున్న కంకర దారి ఇక్కడ మొదలవుతుంది. సరిహద్దు దాటగానే కాసేపు మామూలు రోడ్డును తాకుతూ, దాటుతూ వెళ్తుంది. బోర్డులు జాగ్రత్తగా చూడాలి. బూయె నుంచి అసలు రుచి. బూయె నుంచి గ్రోజ్‌న్యాన్ దగ్గర 293 మీటర్ల దాకా ఎక్కుడు. దారి మొత్తంలో అదే ఎత్తైన చోటు. అక్కణ్ణుంచి జవర్ష్యే, ఓపర్తాల్ మీదుగా లివాదే దాకా సుమారు 20 కిలోమీటర్లు ఒకటే దిగుడు. సొరంగాలు, రాతి వయాడక్టులు (లోయల మీది ఎత్తైన వంతెనలు), పక్కన ఓక్ చెట్లు, కింద మిర్నా నది లోయ. లివాదే దాదాపు సముద్రమట్టంలోనే ఉంటుంది. లోయను అడ్డంగా దాటాక మోటోవున్ కొండ కింద సొరంగం, మళ్లీ విజినాద దాకా ఎక్కుడు. ఆ పైన విష్న్యాన్, నోవా వాస్, పొరెచ్. చివరి భాగం ఎర్రనేల, ద్రాక్షతోటలు, ఆలివ్ చెట్లు. చక్కగానే ఉంటుంది గానీ గ్రోజ్‌న్యాన్-లివాదే ముక్క ముందు తేలిపోతుంది.

ఈ కంకర దారి మీద రైతుల ట్రాక్టర్లు, ఒక్కోసారి కారు, పర్యాటకుల క్వాడ్ బైకులు (నాలుగు చక్రాల మోటార్ సైకిళ్లు) వస్తాయి. ఖాళీ దారే గానీ గేటు వేసిన దారి కాదు. గుడ్డి మలుపుల్లో కుడివైపే ఉండండి.

ఉత్తరం నుంచి దక్షిణానికి, అంటే ట్రియెస్టే నుంచి పొరెచ్‌కే తొక్కండి. ఆ 20 కిలోమీటర్ల రాళ్ల దారి దిగుడుగా దొరుకుతుంది. తిరగేస్తే అదే ఎక్కుడై, వెనక చక్రం వదులు కంకర మీద జారుతూ ప్రాణం తీస్తుంది. బోరా అనే ఇక్కడి ఈదురుగాలి కూడా ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి అది వీచిన రోజు ఎక్కువ భాగం వీపు మీదే ఉంటుంది. గట్టి బోరా హెచ్చరిక ఉంటే మాత్రం వయాడక్టుల మీదికి వెళ్లొద్దు. పానియర్ బ్యాగులు తెరచాపల్లా గాలి పట్టేస్తాయి.

రోజుల లెక్క: ముజ్జా-సెచోవ్ల్యే ఒక రోజు, సెచోవ్ల్యే-లివాదే ఒక రోజు, లివాదే-పొరెచ్ ఒక రోజు. ఒక్కోటి సుమారు 40 కిలోమీటర్లు. తారు మీద సామానుతో గంటకు 16 లెక్కేసుకోండి, కంకర మీద 11-12. ఫొటోలకి, కాఫీకి ఆగడం దీనికి అదనం.

ఉప్పుగాలి

పిలిచారు కాబట్టి వచ్చాను.

మీ 38 సరిపోతుంది. మీ ఆవిడ 35 అంచు మీద ఉంది. 40కి మారిస్తే ఆవిడకు పూర్తిగా వేరే ప్రయాణం అవుతుంది. ముందు ఫోర్కులోను, వెనక చైన్‌స్టే (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము గొట్టాలు) మధ్యలోను జాగా కొలవండి. టైరుకు రెండు పక్కలా, పైనా కనీసం 5 మిల్లీమీటర్లు ఖాళీ మిగలాలి. రిమ్ బ్రేకుల బండి కాబట్టి బ్రేకు చేతుల మధ్య కూడా టైరు దూరాలి. దాన్ని చాలామంది మరిచిపోతారు. మడ్‌గార్డులుంటే తీసేయండి, మధ్యలో రాయి ఇరుక్కుంటే చక్రం బిగుసుకుపోతుంది.

కారణం ఏమిటంటే, ఈ దారికి పరిచింది సున్నపురాయి కంకర. వేసినప్పుడు మీద రాతిపొడి ఉండి గట్టిగా ఉంటుంది. వానలకు ఆ పొడి కొట్టుకుపోయి, కోడిగుడ్డంత రాళ్లు వదులుగా మిగులుతాయి. గ్రోజ్‌న్యాన్ కింద దిగుడులో ఇదే పరిస్థితి. సున్నపురాయి పగిలితే అంచు కత్తిలా ఉంటుంది, టైరు పక్కగోడ కోస్తుంది. సీలెంట్ (ట్యూబ్‌లెస్ టైరులో పోసే ద్రవం) ముల్లు గుచ్చుకున్న రంధ్రాన్ని మూస్తుంది గానీ, పక్కగోడ చీలికను మూయలేదు.

గాలి ఎంత: మనిషి, బండి, సామాను కలిపి 95 కిలోల దగ్గర ఉంటే, మీ 38 ట్యూబ్‌లెస్‌కు ముందు 2.4 బార్ (35 పీఎస్‌ఐ), వెనక 2.7 (39). ట్యూబులున్న 35కి ముందు 3.2 (46), వెనక 3.6 (52). బరువు 10 కిలోలు తగ్గితే 0.2 తగ్గించండి. ఇదే గాలితో స్లొవేనియా తారు మీద కాస్త బరువుగా అనిపిస్తుంది, ఓర్చుకోండి. లేదంటే తారు మీద 0.5 ఎక్కువ పెట్టుకుని సరిహద్దు దగ్గర వదిలేయండి. ట్యూబు టైరులో గాలి మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. అలాంటి పంక్చర్ కనిపిస్తే ముల్లు కోసం వెతకడం దండగ, గాలి పెంచాలి.

సీలెంట్ చక్రానికి 60 మిల్లీలీటర్లు. పాతది రెండు మూడు నెలలు దాటితే ఎండిపోయి ఉంటుంది, బయల్దేరే వారం ముందు కొత్తది పోయండి. ఒక్కరోజు ముందు పోసి బయల్దేరొద్దు, అంచు దగ్గర గాలి కారుతుంటే మీకు తెలిసే వ్యవధి ఉండాలి.

సంచిలో: ట్యూబులు మూడు (ట్యూబ్‌లెస్ బండికి కూడా), ప్లగ్గుల కిట్టు, పక్కగోడ చీలితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క ఒకటి, టైరు లీవర్లు, పంపు, మీ బండికి సరిపోయే డెరైల్యర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే భాగాన్ని ఫ్రేముకు తగిలించే ముక్క), మీ గొలుసు స్పీడుకు తగ్గ క్విక్ లింకు రెండు, ఎం5 బోల్టులు నాలుగు, జిప్ టైలు పది. హ్యాంగర్ ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం, దారిలో దుకాణంలో దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకండి.

ఈ దారిలో పంక్చర్ కన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టేది క్యారియరు బోల్టులు. గంటల తరబడి అదురుడుకు వదులై ఒకటి రాలిపోతుంది, బరువంతా రెండో దాని మీద పడి అది విరుగుతుంది. విరిగిన ముక్క ఫ్రేములోనే ఉండిపోతే దారిలో తీయలేరు. ఇంటి దగ్గరే నాలుగూ విప్పి, బోల్టు మరలకు నీలం థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) చుక్క వేసి, 5 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించండి. రోజూ సాయంత్రం అలెన్ కీతో ఒకసారి ముట్టుకుని చూడండి. పానియర్ బ్యాగుల కొక్కేలకు, క్యారియరు కడ్డీకి మధ్య సందు ఉంటే ప్లాస్టిక్ ఇన్సర్టులు వేయండి. వేయకపోతే ఎగిరి ఊడతాయి.

గొలుసుకు తడి నూనె వద్దు, సున్నపు దుమ్ము అంటుకుని పేస్టయిపోతుంది. మైనం రకం వేసుకోండి.

చార్మినార్_రైడర్

అన్నా, గిన్ని భయపెట్టుడెందుకు? 32 తోటి రోడ్డు బండ్ల మీద పోయేటోళ్లు మస్తుమంది ఉంటరు. మెల్లగ తొక్కితే ఏం కాదు.

ఉప్పుగాలి

స్లొవేనియాలో 28తో కూడా పోవచ్చు, అది తారే. 32తో గ్రోజ్‌న్యాన్ దిగుడు కూడా దాటేస్తారు, నిజమే. కానీ సామాను లేకుండా, అలవాటున్నవాళ్లు. ఇక్కడ వెనక 8 కిలోలు, రిమ్ బ్రేకులు, కొత్త రైడరు. సన్న టైరులో గాలి ఎక్కువ కొట్టాలి. గాలి ఎక్కువైతే రాయి మీద టైరు ఎగిరి పక్కకు జారుతుంది. గాలి తగ్గిస్తే రిమ్ము రాయికి తగులుతుంది. ఈ రెంటి మధ్య దారి 32లో లేదు, 40లో ఉంది.

మూడుసరిహద్దులు

కాగితాల సంగతి. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో (సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి), యూరోలో చేరింది. మీ జర్మనీ కార్డు చెల్లుతుంది, వేరే వీసా అక్కర్లేదు, డబ్బు మార్చుకోనక్కర్లేదు. అయితే 2023 అక్టోబరులో ఇటలీ స్లొవేనియా సరిహద్దులోను, స్లొవేనియా క్రొయేషియా సరిహద్దులోను తనిఖీలు మళ్లీ మొదలుపెట్టి, పొడిగిస్తూ వచ్చాయి. పాస్‌పోర్టు, కార్డు రెండూ అసలువే దగ్గర ఉండాలి. ఫోన్‌లో ఫొటో చూపిస్తే కుదరదు. వాటిని పానియర్‌లో కాకుండా హ్యాండిల్ బ్యాగులో పెట్టుకోండి.

వెళ్లడం: మ్యూనిక్ నుంచి ఫిల్లాఖ్, అక్కణ్ణుంచి ఊదినె, ఊదినె నుంచి ట్రియెస్టే. దూరపు రైళ్లలో సైకిలుకు సీటులాగే రిజర్వేషన్ కావాలి. మే, జూన్ నెలల్లో మనిషి టికెట్టు దొరికినా సైకిలు జాగా దొరకదు. ముందు సైకిలు జాగా చూసి, తర్వాతే సెలవు తేదీలు ఖాయం చేసుకోండి.

రావడం అసలు చిక్కు. పొరెచ్‌లో రైల్వే స్టేషను లేదు. వేసవి పడవలు ఉంటాయి గానీ మే నెలాఖరుకు మొదలయ్యాయా, సైకిళ్లు ఎన్ని ఎక్కిస్తారు అన్నది ఆ ఏటి టైమ్‌టేబులులో చూసి, రాసి అడగాలి. తీరం రోడ్డు మీద వెనక్కి తొక్కడం మీకు వద్దు, కార్లు ఎక్కువ. తేలికైన దారి: పొరెచ్‌లో సైకిలు ట్రైలరు ఉన్న వ్యాను మాట్లాడుకుని కోపెర్ దాకా రావడం. కోపెర్ నుంచి లూబ్లియానాకు రైలుంది, అక్కణ్ణుంచి మ్యూనిక్. వ్యాను బుక్ చేసేటప్పుడు సైకిళ్లు రెండు, పానియర్లు నాలుగు అని విడిగా రాయండి.

కారులో వస్తే ఆస్ట్రియా, స్లొవేనియా హైవే విన్యెట్లు (ముందుగా కొనే రోడ్డు పన్ను చీటీలు) రెండూ కొనాలి. టౌవెర్న్, కరవాంకెన్ సొరంగాలకు టోలు వేరే.

తిండి: కొనోబా అని రాసి ఉన్నవి ఊరి హోటళ్లు. ఫుజి అనే పాస్తా, నోకీ (బంగాళాదుంప ఉండలు), ట్రఫుల్ అనే నేల లోపలి పుట్టగొడుగుతో గానీ జున్నుతో గానీ తీసుకోవచ్చు. బ్లిత్వా అంటే ఆకుకూర, బంగాళాదుంప, వెల్లుల్లి. మనవాళ్లకు బాగా దిగుతుంది. ఫ్రితాయ గుడ్డట్టు లాంటిది, వసంతంలో అడవి ఆస్పరాగస్ వేస్తారు. జాగ్రత్త పడాల్సింది మనేష్ట్రా అనే చిక్కుడుగింజల చారుతో. కూరగాయల చారులాగే కనిపిస్తుంది గానీ పందిమాంసం ఎముక వేసి కాస్తారు. ఫ్రితాయలో కూడా ప్రషుత్ అనే పందిమాంసం ముక్కలు చేరతాయి. "బెజ్ మేసా" అంటే మాంసం లేకుండా అని. ప్రషుత్‌ను కొందరు మాంసం లెక్కలో వేయరు, దాన్ని పేరు పెట్టి వద్దనండి.

ఆదివారం: 2023 జులై నుంచి క్రొయేషియాలో దుకాణాలు ఏడాదికి 16 ఆదివారాలే తెరవొచ్చు. శనివారం సాయంత్రమే రొట్టె, పళ్లు, నీళ్లు కొనేయండి. బూయెలో సూపర్ మార్కెట్లున్నాయి. గ్రోజ్‌న్యాన్ దాటాక లివాదే దాకా దారి పక్క దుకాణం ఉంటుందని లెక్క వేసుకోవద్దు, మనిషికి రెండు లీటర్లు నింపుకోండి.

బోర్డుల మీద ఊరి పేరు క్రొయేషియన్‌లో, ఇటాలియన్‌లో రెండు రకాలుగా ఉంటుంది. గ్రోజ్‌న్యాన్, గ్రిజిన్యానా ఒకటే. మోటోవున్, మొంతోనా ఒకటే. లివాదే అంటే లెవాదే. బస బుక్ చేసేటప్పుడు రెండు వేర్వేరు ఊళ్లనుకుని కంగారు పడొద్దు. గుడారం వేసుకుందామంటే క్యాంప్‌సైటుల్లోనే, స్లొవేనియా, క్రొయేషియా రెండింటిలో ఎక్కడపడితే అక్కడ వేయడం నిషేధం.

నల్లగొలుసు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఆవిడ బండికి 40 దూరుతుంది, కొలిచాను, ఆర్డరు పెట్టేశాను. ఇంకో రెండు అనుమానాలు. సొరంగాల్లో లైట్లు ఉంటాయా? రిమ్ బ్రేకులతో 20 కిలోమీటర్ల దిగుడు అంటే రిమ్ములు వేడెక్కవా?

రాళ్లదారి

స్లొవేనియా సొరంగాల్లో దీపాలుంటాయి. క్రొయేషియాలో వాటి మీద ఆధారపడకండి. ముందు లైటు 200 ల్యూమెన్లకు తగ్గకుండా, వెనక ఎర్ర లైటు. అసలు ఇబ్బంది చీకటి కన్నా ఎండలోంచి చీకట్లోకి పోయే ఆ మొదటి పది మీటర్లు. కళ్లు అలవాటు పడేలోపే గుంతలో పడతారు. ముఖద్వారం ముందే నల్ల కళ్లద్దాలు తీసి, లైటు వేసి, వేగం తగ్గించి లోపలికి వెళ్లండి. పైనుంచి నీళ్లు కారి నేల జారుడుగా ఉంటుంది. మోటోవున్ సొరంగం 200 మీటర్ల పైనే, లోపల చల్లగా ఉంటుంది, చెమట మీద పలచటి జాకెట్ ఉంటే మంచిది.

మోటోవున్ ఊరు 277 మీటర్ల కొండ మీద ఉంది. పరెంజానా కింద నుంచి పోతుంది, పైకి వెళ్లే రోడ్డు మాత్రం రైలు లెక్క ప్రకారం వేసింది కాదు, నిటారుగా ఉంటుంది. పానియర్లు కింద బసలో పెట్టి నడిచి ఎక్కండి.

ఉప్పుగాలి

2.8 దిగుడులో, కంకర రాపిడి మీద, 15-18 వేగంతో పోతే రిమ్ము ట్యూబుకు ముప్పు వచ్చేంత వేడెక్కదు. సమస్య అరుగుదల. సున్నపు దుమ్ము, తడి కలిస్తే ప్యాడ్ల మీద సానరాయిలా పనిచేస్తుంది. బయల్దేరే ముందు ప్యాడ్ల గాడి లోతు చూడండి, ఒక మిల్లీమీటరు కూడా లేకపోతే మార్చేయండి. రిమ్ము పక్కన అరుగుదల గుర్తు గాడి చెరిగిపోయి ఉంటే ఆ రిమ్ముతో బయల్దేరొద్దు. రోజూ సాయంత్రం ప్యాడ్లలో ఇరుక్కున్న రాతి నలుసులు, అల్యూమినియం తునకలు సూదితో తీసేయండి. గరగర చప్పుడు వస్తుంటే మర్నాటి దాకా ఆగకుండా అక్కడే ఆపి తీయండి, రిమ్ము గీరుకుపోతుంది.

ఆవిడకు ఒక్క మాట చెప్పండి: దిగుడులో బ్రేకు పట్టుకునే ఉండకుండా మలుపుకు ముందు తగ్గించి, మలుపులో వదిలేయాలి. వదులు కంకర మీద మలుపు మధ్యలో ముందు బ్రేకు పడితే చక్రం కాళ్ల కిందనుంచి పోతుంది. హ్యాండిల్ గట్టిగా బిగపట్టొద్దు, సీటు మీంచి ఒక అంగుళం లేచి, పెడళ్లు రెండూ సమానంగా పెట్టి, పది మీటర్ల ముందుకి చూడాలి. చేతులు తిమ్మిరెక్కితే ముందు టైరులో 0.2 గాలి తీయండి, గ్లౌజులు మార్చడం తర్వాత.

వానపడిన మర్నాడు విజినాద-పొరెచ్ మధ్య ఎర్రమట్టి తేలిన చోట్ల దిగి పచ్చిక మీద నడిపించండి. ఆ బంక బ్రేకు చేతుల్లో నిండితే మీ ఆవిడ చక్రం తిరగదు. అలాగే తొక్కితే డెరైల్యర్ మెలితిరుగుతుంది.

మూడుసరిహద్దులు

పచ్చిక మాట వచ్చింది కాబట్టి: మే నెలలో గడ్డిలో పిడుదులు (ఒంటికి అంటుకుని రక్తం పీల్చే పురుగులు) ఎక్కువ. బవేరియాలో ఉన్నవాళ్లకు ఎఫ్‌ఎస్‌ఎంఈ (పిడుదుల వల్ల వచ్చే మెదడువాపు) టీకా గురించి డాక్టరు చెప్పే ఉంటారు. వేయించుకోకపోతే ఇప్పుడే అడగండి, మొదటి రెండు డోసుల మధ్య వారాలు పడుతుంది. రోజూ స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, గజ్జల్లో, బెల్టు కింద చూసుకోండి. పిడుదును లాగేయడానికి చిమటా ఒకటి మందుల సంచిలో వేసుకోండి. దేనికైనా మూడు దేశాల్లోనూ ఫోను 112.